తొలి నగలపెట్టె

(సర్ఖనియందలి తెలుగు కుటుంబములవారి సమావేశమున చదువబడిన ప్రసంగ పాఠము)



నేటి సాయంకాలము మేము మాట్లాడదలచిన విషయము చూపునకు చిన్నది. కొయ్యపని యెన్నడును ఎరుగనివారు ఒక చిన్న నగలపెట్టెను తమ చేతులతో తామే చేసికొనుట యెట్లు అనునదే ఆ విషయము. బజారున రేకుపెట్టెలు, ప్లాస్టికు డబ్బాలు కావలసినన్ని దొరకుచుండగా ఈ శ్రమ యేల యని కొందరు అడుగవచ్చును. పని చెప్పుటకు ముందు ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుట న్యాయము.

మన సర్ఖని కిన్వట్ సీమలోనిది. కిన్వట్ తాలూకా మునుపు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాకు చేరియుండెను. 1956 నవంబరు 1వ తేదీన జరిగిన రాష్ట్రముల పునర్విభజనలో అది బొంబాయి రాష్ట్రములోనికి వచ్చి నాందేడు జిల్లాలో కలిసెను. అదే దినమున ముధోల్, భైంసా ప్రాంతములు నాందేడు జిల్లాను విడిచి ఆదిలాబాదులో కలిసినవి. 1960 మే 1వ తేదీనుండి మనము మహారాష్ట్ర రాష్ట్రవాసులము. ఇట్లు సరిహద్దులు మారినను మన పెద్దలు ఇండ్లు మార్చుకొనలేదు. మన కొండలపై టేకుచెట్లును అట్లే నిలిచియున్నవి.

నాటినుండి నేటివరకు మన ఇండ్లలో తెలుగు నిలిచియే యున్నది. వంటయింట నిలిచినది, పూజయందు నిలిచినది, పెండ్లిపాటలలో నిలిచినది. కాని పనిముట్ల పేర్లు మాత్రము ఒక్కొక్కటే జారిపోవుచున్నవి. మరాఠీ బడిలో చదువుకొను మన పిల్లవాడు రంపమును కరవత్ అనును, చిత్రికను రంధా అనును, ఉలిని పటాశీ అనును, వడ్రంగిని సుతార్ అనును. ఇందు తప్పేమియు లేదు. ఇరుగుపొరుగువారి మాట వచ్చుట వానికి లాభమే. అయితే రెండవ మాట వచ్చినంతమాత్రమున మొదటి మాట పోనక్కర లేదు.

పోయిన మాటను నిలుపుటకు నిఘంటువు చాలదు. చిత్రిక యను మాట నిఘంటువులో భద్రముగానే యున్నది. కాని చెక్కపై చిత్రిక పట్టి, సన్నని పొరలు చుట్టలు చుట్టుకొని రాలుట చూచిన పిల్లవాని నోటనే ఆ మాట బ్రదుకును. కావున పనియు మాటయు కలిపి నేర్పవలెను. అందుకు తగిన తొలి పాఠము చిన్నపెట్టెయే యని మా యభిప్రాయము. కుర్చీకి కాళ్లు నాలుగును సమముగా నిలువవలెను. బల్లకు పెద్ద పలకలు కావలెను. పెట్టెకు మూడడుగుల చెక్కయు కొన్ని పనిముట్లును చాలును. పైగా కొలత, కోత, అతుకు, మూత, మెరుగు అను వడ్రంగములోని ముఖ్యవిద్యలన్నియు ఆ చిన్నపనిలోనే యిమిడియున్నవి.

నగలు దాచుపాత్రలు మన తెలుగువారికి రెండు విధములుగా నున్నవి. ఒకటి భరిణె. విశాఖ సీమలోని ఏటికొప్పాక పనివారు అంకుడు కొయ్యను తరిమెనపై పట్టి లక్కరంగులు దిద్దుదురు; కుంకుమభరిణెలు ఆ పద్ధతినే తయారగును. రెండవది పలకలను అతికి చేయు పెట్టె. మన పొరుగుననే యున్న నిర్మల పనివారు తేలికయగు పొనికి కొయ్యను చెక్కి, రంగులు వేసి బొమ్మలు చేయుదురు. భరిణెకు తరిమెన కావలెను. బొమ్మకు చెక్కడపు నేర్పు కావలెను. పలకల పెట్టెకు కావలసినది ఓపికయు సరియైన కొలతయు మాత్రమే. ఈజిప్టు రాజైన టుటాంఖామెన్ సమాధిని 1922లో కనుగొన్నప్పుడు అందు పెక్కు కొయ్యపెట్టెలు దొరకెను. అవి మూడువేల యేండ్లకు పైబడినవి. పెట్టె యను వస్తువు అంత ప్రాచీనమైనది. దాని కీలకము నేటికిని మారలేదు.

ఇక కొయ్య సంగతి. మన ప్రాంతమున టేకును మించిన కొయ్య లేదు. మరాఠీవారు దీనిని సాగ్ అందురు. అది సంస్కృతమునందలి శాకశబ్దమునుండి వచ్చినది. ఇంగ్లీషువారి మాట దక్షిణదేశపు మాటయే. మలయాళమునుండి పోర్చుగీసువారి నోట పడి వారికి చేరినది. టేకుయందు సహజముగా నూనె కలదు; అందుచే చెదలు దానిని సులభముగా తినజాలవు. 1817లో బొంబాయి రేవున మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ అను యుద్ధనౌక నేటికిని ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌నందు నీటిపై తేలుచున్నది.

చెట్టు నడుమనుండు గట్టి భాగమును చేవ అందురు. మనిషిని చేవగలవాడని పొగడునప్పుడు మనము పలుకునది వడ్రంగి మాటయే. చేవ ముదురు రంగున నుండును. దాని చుట్టునుండు తెల్లని భాగము పురుగులకు ఇష్టము. పెట్టెకు చేవ చెక్కనే తీసికొనవలెను.

అడవినుండి కొమ్మ యొకటి తెచ్చుకొందమని ఎవ్వరును అనుకొనరాదు. మహారాష్ట్రమున టేకు నరకుటపై 1964 నాటి చట్టమున్నది. సొంతపొలములోని చెట్టుకును అనుమతి కావలెను. అంగడిలో కొన్నచో రసీదు దాచుకొనవలెను. వీనియన్నిటికంటె మేలైన మార్గమొకటి కలదు. మన పాత యిండ్లలో విరిగిన కిటికీరెక్క, పాడైన మంచపుపట్టె ఏదియో యొకటి మూలబడియుండును. ఆ కొయ్య యెన్నియో యెండలను వానలను చూచి ఆరిపోయినది. క్రొత్తగా కోసిన చెక్క గాలికి ఆరుటకు అంగుళము మందమునకు ఏడాది పట్టునని వడ్రంగుల వాడుక లెక్క. పాత చెక్కకు ఆ నిరీక్షణ లేదు. అందు దాగిన మేకులను మాత్రము ముందుగా వెదకి తీసివేయవలెను. లేనిచో రంపపు పండ్లు పోవును.

ఆరిన చెక్క యెందుకని అడుగువారు వానకాలమున తమ తలుపులను తలచుకొందురుగాక. ఎండలో సుళువుగా మూసుకొను తలుపు శ్రావణమున బిగిసిపోవును. కొయ్య తేమను త్రాగి అడ్డముగా ఉబ్బును, ఎండకు అడ్డముగా కుంచించుకొనును; నార వెంబడి పొడవున మాత్రము మారనే మారదనవచ్చును. ఈ యొక్క సంగతి తెలిసినవాడు పెట్టెచేయుటలోని సగము కష్టమును దాటినట్లే.

పనిముట్లు ఇవి: సన్నని పండ్ల రంపము, చిత్రిక, అరంగుళపు ఉలియు పావు అంగుళపు ఉలియు, కొయ్యసుత్తి, మూలమట్టము, కొలబద్ద, సానరాయి. కొలతకు ఒక మాట నేర్పవలెను. అంగుళములో ఎనిమిదవ వంతును మన వడ్రంగులు నూలు అందురు. అదే కొలతను హిందీ, మరాఠీ పనివారు సూత్ అందురు. నూలన్నను సూత్ అన్నను దారమే. సుతార్ అను పేరును సూత్రధార శబ్దమునుండియే వచ్చినది. దారము పట్టి గీత గీయుటతో ఈ విద్య ఆరంభమగునని రెండు భాషలును ఒక్కటే చెప్పుచున్నవి. ఇట్టి సంగతి వినిన పిల్లవాడు రెండు మాటలను మరువడు.

పెట్టె కొలత లోపల దాచు నగలనుబట్టి నిర్ణయింపవలెను. గాజుల అంగడిలో 2-4, 2-6, 2-8 అని చెప్పుదురు గదా. రెండవ అంకె అంగుళములో పదునారవ వంతుల లెక్క. కావున 2-4 అనగా గాజు లోపలి అడ్డుకొలత రెండుంబావు అంగుళములు. 2-8 అనగా రెండున్నర. దీనినిబట్టి పెట్టె వెలుపలి కొలత పొడవు 10, వెడల్పు 7, ఎత్తు 4 అంగుళములుగా పెట్టుకొనుట మేలు. పలక మందము అరంగుళము, అనగా నాలుగు నూళ్లు. అప్పుడు లోపల 9 అంగుళముల పొడవు, 6 అంగుళముల వెడల్పు మిగులును. కంటె, కాసులపేరు, గుండ్లపేరు, పట్టాగొలుసులు ఇందు చక్కగా ఇముడును. వడ్డాణమునకు మాత్రము వేరుపెట్టె చూచుకొనవలసినదే.

చెక్క 36 అంగుళముల పొడవు, 4 అంగుళముల వెడల్పు ఉన్నచో నాలుగు గోడలును అందులోనే వచ్చును. ముందు పలకయు వెనుక పలకయు పదేసి అంగుళములు. ప్రక్కపలకలు రెండును ఆరున్నరేసి అంగుళములు. మొత్తము 33. మిగిలిన మూడంగుళములు రంపపు కోతలకును, చివరల సవరణకును సరిపోవును. ముందుపలక, ప్రక్కపలక, వెనుకపలక, ప్రక్కపలక అను వరుసలోనే కోయవలెను. అట్లు కోసినచో కొయ్యమీది నారగీతలు పెట్టెచుట్టు ఒకదాని వెంట నొకటి సాగిపోవును. చూచువారికి పెట్టె ఒక్క మానునుండి పుట్టినట్లు తోచును.

కాని ముక్కలు కోయుటకు ముందే గాడి తీయవలెను. చెక్క లోపలివైపున, క్రిందియంచునకు పావు అంగుళము పైగా, పావు అంగుళము వెడల్పు, పావు అంగుళము లోతుగల గాడి పొడవెల్ల తీయవలెను. పైయంచునకు పావు అంగుళము క్రిందుగా అట్టిదే మరియొకటి. క్రింది గాడిలో అడుగుపలక, పై గాడిలో మూతపలక కూర్చుండును. గాడి తీయు చిత్రిక అందరి యొద్దను ఉండదు. ఊరి వడ్లాయనను అడిగినచో నిమిషములలో తీసియిచ్చును. ఆ సమయమున ఆయన చేతిని గమనించుట యొక పాఠము.

తరువాత ముక్కలు కోసి, ముందు వెనుక పలకల చివరలను లోపలివైపున మెట్టువలె కోయవలెను. మెట్టు వెడల్పు అరంగుళము, లోతు పావు అంగుళము. గీతను సీసపుకడ్డితో కాక చురకత్తి మొనతో గీయుట మంచిది; కత్తిగీత సన్నము, రంపము దానివెంటనే నడచును. గీతపై అడ్డముగా పావు అంగుళము లోతువరకు కోసి, చివరనుండి ఉలితో కొద్దికొద్దిగా తీసివేయవలెను. ప్రక్కపలక కొస ఈ మెట్టులో కూర్చుండును. మెట్టు లోతును గాడి లోతును సమానమగుటచే గాడి రంధ్రము బయటికి ఎచ్చటను కనిపింపదు. ఈ చిన్న యుక్తి యెరుగనిచో మూలలయందు తొర్రలు కనిపించి పెట్టెకు అందము పోవును.

అడుగునకును మూతకును పావు అంగుళపు ప్లైవుడ్డు పలకలు చాలును. కొలత 9½, 6½ అంగుళములు. ప్రతివైపున కొంచెము తగ్గించినచో గాడిలో సుళువుగా దిగును. టేకుపలకయే వేయదలచినవారు దాని వెడల్పున నూలులో సగమంత ఖాళీ రెండువైపులను విడువవలెను. దానికి జిగురు పూయరాదు. వానకాలమున అది ఉబ్బుటకు చోటు కావలెను గదా. చోటు లేనిచో అతుకులనే పగులగొట్టును.

జిగురు పూయుటకు ముందు ఆరు ముక్కలను వట్టిగానే కూర్చి చూడవలెను. ఒక మూలనుండి ఎదుటి మూలకు కొలిచి, మిగిలిన రెండు మూలలను అట్లే కొలువవలెను. రెండు కొలతలును సమానమైనచో పెట్టె చదరముగా నిలిచినట్లు. ఏది యెక్కువైన ఆ మూలలను కొంచెము నొక్కవలెను. మూలమట్టము సరియైనదో కాదో తెలియుటకును ఒక యుపాయమున్నది. ఒక భుజమున మూడంగుళములు, రెండవ భుజమున నాలుగంగుళములు గుర్తు పెట్టినచో ఆ గుర్తుల నడుమ దూరము సరిగా ఐదంగుళములు ఉండవలెను.

పూర్వము వడ్రంగులు సరేసును వేడినీటి గిన్నెలో కరిగించి వాడిరి. నేడు బజారున దొరకు తెల్లజిగురు చాలును. టేకులోని నూనె జిగురును పట్టనీయదు. కావున అతుకు ముఖములను అప్పుడే కొంచెము చెక్కియో, గరుకుకాగితముతో రుద్దియో వెంటనే పూయవలెను. బిగించు పనిముట్లు లేనివారు పెట్టెచుట్టు త్రాడు రెండువరుసలు చుట్టి, నడుమ పుల్ల దూర్చి మెలిపెట్టవలెను. మూలలవద్ద గుడ్డపేలికలు పెట్టినచో త్రాడు కోయదు. బిగించిన తరువాత మూలకొలతలు మరల చూడవలెను. ఒక రాత్రియంతయు కదపరాదు. మేకులు కొట్టరాదు, సన్నని చెక్క చీలును. బలము కావలెనన్నచో ఆరిన తరువాత మూలలయందు సన్నని వెదురుచీలలు దిగగొట్టవచ్చును.

ఇప్పుడు మన చేతిలోనున్నది నలువైపుల మూసిన పెట్టె. దీనికి మూత యేది యని పిల్లలు అడుగుదురు. మూత దానిలోనే యున్నది! పైయంచునుండి ఒకటింబావు అంగుళము క్రిందుగా చుట్టును గీత గీసి, ఒక్కొక్క ముఖమును కొద్దికొద్దిగా త్రిప్పుకొనుచు రంపముతో కోయవలెను. ఒక ముఖమునుండియే తుదివరకు కోసినచో గీత తప్పును. విడివడిన మూత తన పెట్టెకు తప్పక సరిపోవును. వేరుగా చేసిన మూతకు ఆ హామీ లేదు. వెదురుచీలలు ఈ గీతపై పడకుండ ముందే చూచుకొనవలెను. కోసిన యంచులను, సమతలమగు రాతిపై పరచిన గరుకుకాగితముమీద రుద్దిన చాలును.

మడతబందులు రెండు, అంగుళము పొడవుగల ఇత్తడివి. ఇత్తడి మరమేకు మెత్తనిది. టేకులో తిప్పునప్పుడు తల తెగిపోవును. కావున ముందు సన్నని రంధ్రము తొలిచి, అదే కొలతగల ఇనుపమరమేకును సబ్బు పూసి ఒకసారి త్రిప్పి తీసి, అప్పుడు ఇత్తడిదానిని దిగింపవలెను. లోపల పావు అంగుళపు బద్దను పొడవున నిలిపి రెండు వరుసలు చేసి, ఒక వరుసను గొలుసులకు విడిచి, రెండవ వరుసను మూడు గదులుగా విభజించినచో 2-6 గాజులు ఒక్కొక్క గదిలో సుఖముగా పడును.

వెలుపల గరుకుకాగితముతో నారవెంబడి నునుపుచేసి, లక్కపాలిషు పలుచగా మూడుసార్లు పూయవలెను. లోపల నూనె పూయరాదు. ప్రక్కగుడ్డగా ఉన్నిని వేయరాదు. ఉన్నియందును రబ్బరుయందును గంధకముండుటచే వెండి నల్లబడును. ఉతికిన నూలుగుడ్డ మేలు.

జాగ్రత్త మాట మరువరాదు. ఉలి పట్టినప్పుడు రెండు చేతులును దాని మొనకు వెనుకనే యుండవలెను. మొద్దుబారిన ఉలియే చేతిని కోయును, బలముగా త్రోయవలసివచ్చును గనుక. కావున సానరాయి దగ్గరనుంచుకొనవలెను. టేకుపొట్టు కొందరికి చర్మముపై దురద, ఊపిరికి బాధ కలిగించును. కొయ్యధూళిని దీర్ఘకాలము పీల్చుట క్యాన్సరుకు కారణమగునని వైద్యశాస్త్రము తేల్చినది. ముక్కునకు గుడ్డ కట్టుకొని, బయట అరుగుపైననే గరుకుకాగితము పట్టవలెను.

వడ్లవారి పనిని తగ్గించుట మన యుద్దేశము కాదని స్పష్టముగా చెప్పుచున్నాము. తన చేతితో ఒక్క మూలనైనను చదరముగా అతికినవాడు వడ్రంగి కూలిని బేరమాడుటకు జంకును. ఉలి పట్టుట మగపిల్లలకే చెల్లునని కూడ మేము అనుకొనము. నగలు ధరించునది కూతురైనప్పుడు ఆ పెట్టెను చేసికొను హక్కు అందరికంటె ముందు ఆమెదే.

కావున ప్రతి కుటుంబమువారికిని మా విన్నపము ఇది. ఇంట పెద్దవారొకరు, పిల్లవారొకరు జతగా కూర్చుండి, నాలుగైదు ఆదివారములలో ఒక పెట్టెను పూర్తిచేయుడు. పని జరుగునంతసేపు పనిముట్టును తెలుగున పిలువుడు. పిల్లలు మరాఠీ పేరు చెప్పినచో వద్దనక దానిని కూడ చేర్చుకొనుడు. పూర్తియైన పిదప అడుగుపలక క్రింద చేసినవారి పేరు, కొయ్య యెచ్చటిదో ఆ వివరము, సంవత్సరము తెలుగు అక్షరములతో వ్రాయుడు. ఏ కిటికీరెక్కనుండియో వచ్చిన ఆ చెక్క మనుమరాలి చేతికి చేరునాటికి, దానిని తిరగవేసి చదువుకొనుటకు ఆ నాలుగు పంక్తులు ఉండవలెను. ఆమె చదువగలిగినచో మన శ్రమ ఫలించినట్లే.